తామ్వే మైదానంలో నా కేక

రంగం, అదే రంగూను రేవులో పనిచేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే బియ్యం బస్తాల గురించో, స్టీమర్ల గురించో చెప్పి తప్పించుకుంటాను. రగ్బీ ఆడానని మాత్రం చెప్పను. రేవు కూలీకి దొరల ఆట ఏమిటని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నేను ఆ ఆట ఒక్క వానాకాలం నేర్చుకుని, ఒక్క మ్యాచి ఆడాను. ఆ ఒక్కదానికే మా బావ ఎడమ చెయ్యి పోయింది. పోగొట్టింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టిందంటే నేనెంత పిరికివాణ్ణో మీరే చూసుకోండి.

మాది కళింగపట్నం దాటాక వచ్చే ఒక సముద్రపుటొడ్డు పల్లె. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పని పెళ్లి చేసుకున్న బావ ముందు రంగం వచ్చాడు. తర్వాత అప్పనీ నన్నూ పిలిపించుకున్నాడు. సేక్కాన్ రేవు వెనక కూలీల బారకాసులో ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఒక మూల నీళ్ల కాగు, ఇంకో మూల నా ట్రంకు పెట్టె, మధ్యలో అప్ప పొయ్యి. బావ పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నట్టుండేది, భుజాలు మాత్రం గుమ్మానికి తగిలేవి. నేను ఊళ్లో అయిదో తరగతి దాకా చదివాను, రేవులో ఒక గుమాస్తా వెంటపడి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నాను. అందుకని జట్టులో ఉత్తరాలు చదివేది నేనే, దొరలతో మాట్లాడేదీ నేనే. బావ దాని మీద మేలమాడేవాడు.

“మా బామ్మర్ది ఇంగిలీసు ఇని ఇని దొరకి తెలుగొచ్చీసింది” అనేవాడు.

మా జట్టు ఎనిమిదిమందిమి. క్రేను ఓడలోంచి దింపిన బరువుని గోదాములోకో, రైలు వ్యాగను దగ్గరికో చేర్చడం మా పని. బియ్యం మిల్లుల ఇనప చక్రాలు, బాయిలరు మూతలు, టేకు దూలాలు, ఇలాంటివి. బరువుని మోకులతో కట్టి, మోకుల్లో వాసాలు దూర్చి, ముందు నలుగురు, వెనక నలుగురు భుజానికెత్తుకునేవాళ్లం. అందరికంటే ముందు బావ, అందరికంటే వెనక నేను. వెనకవాడికి బరువంతా కనిపిస్తుంది కాబట్టి కేక వాడిది. ముందువాడికి దారి తప్ప ఏమీ కనిపించదు. వెనక గొంతుని నమ్ముకుని నడవడమే వాడి పని.

కేకలు రెండే. ‘హైలెస్సా’ అంటే ఎత్తు, అడుగు వెయ్యి. ‘ఒగ్గీ’ అంటే వదిలేసి దూరంగా దూకు. మోకు తెగినా, వాసం విరిగినా, బరువు ఒక పక్కకి తిరగడం మొదలుపెట్టినా రెండో కేక పడేది. అది పడ్డాక ఎవడూ వెనక్కి చూడకూడదు, ఆలోచించకూడదు. ఎనిమిదిమందీ ఒకేసారి వదిలితే బరువు నేల మీద పడుతుంది. ఒక్కడు పట్టుకుని ఉన్నా ఆ బరువు వాడి మీద పడుతుంది. గంజాం నుంచి కొత్తగా వచ్చినవాడొకడు కేక విని ఏమైందా అని ఒక్క క్షణం తల తిప్పాడు. వాడి పాదం ఇనప చక్రం కింద నలిగిపోయింది.

ఇంకో కట్టుబాటు ఉండేది. కేక ఎందుకు వేశావని కేక వేసినవాణ్ణి ఎవడూ అడగకూడదు, పనిలోనూ, పని అయ్యాకా. ఒకసారి వాసం కిర్రుమంటే విరిగిందనుకుని నేను ఒగ్గీ అన్నాను. వాసానికి ఏమీ కాలేదు. పింగాణీ సామాను పెట్టె మాత్రం పగిలి ముక్కలైంది. మేస్త్రీ నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. జట్టులో ఎవడూ కిమ్మనలేదు. ఆ పూట అన్నం దగ్గర బావ చేపల పులుసులో ఉప్పు తక్కువైందని అప్పతో పేచీ పెట్టుకున్నాడే తప్ప ఆ ఊసే ఎత్తలేదు. ఇవాళ అడిగితే రేపు కేకకి ముందు ఆలోచిస్తాం, ఆలోచిస్తే చస్తాం. అంతే దాని లెక్క.

ఆ రోజుల్లో రేవు క్రేన్ల షెడ్డుకి ఒక దొర పెద్ద. అతణ్ణి క్రేన్ల దొర అనేవాళ్లం. దొర అంటే తెల్ల టోపీ, గుర్రబ్బండీ అనుకునేరు. అతని చేతులు ఎప్పుడూ నూనెతో నల్లగా ఉండేవి, కుడిచేతికి చిటికెనవేలు లేదు, కూలీలతో సమానంగా బూతులు తిట్టేవాడు. ఇంగ్లండులో ఉత్తరాన ఏదో నూలు మిల్లుల ఊరు అతనిది. పెద్ద దొరల క్లబ్బులోకి అతన్ని పిలిచేవాళ్లు కారు. సాయంత్రం పూట షెడ్డు ముందు పెట్టె మీద కూర్చుని ఒక్కడే చుట్ట కాల్చుకునేవాడు.

ఆ వానాకాలం మొదట్లో రేవు మీద ఒక వ్యాగను పట్టాలు తప్పింది. మేం ఎనిమిదిమందిమీ తలలు వంచి, భుజాలు ఆనించి, ఒక్క కేక మీద దాన్ని నెడుతున్నాం. క్రేన్ల దొర చూశాడు. చేతిలో రెంచి పడేసి పగలబడి నవ్వాడు. మర్నాడు ఒక తోలు బంతి పట్టుకొచ్చాడు. గుండ్రంగా లేదు, రెండు కొసలూ కోసుగా ఉంది. మావాళ్లు దాన్ని చూడగానే పనసకాయ అన్నారు, చివరిదాకా దానికి అదే పేరు.

తన ఊరి ఆటకి ఇలాంటి ఎనిమిదిమందే కావాలని దొర హిందుస్తానీ, ఇంగ్లీషూ కలిపి నాతో చెప్పాడు. ముందు ముగ్గురు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని వంగాలి. వాళ్ల వెనక నలుగురు. అందరి వెనక ఒకడు. అవతల ఎనిమిదిమంది ఇలాగే వంగి ఎదురుగా తలలు దూర్చి నెడతారు. మధ్యలో బంతి పడేస్తారు. దాన్ని స్క్రమ్ అంటారని చెప్పాడు. మావాళ్లు కుమ్ములాట అన్నారు. ముందు వరసలో నడుమ ఎవడుండాలని అడిగాడు. నేను అడగకుండానే బావని చూపించాను. అందరి వెనక ఎవరంటే నేనే నిలబడ్డాను. రేవులో ఎలా ఉండేవాళ్లమో అలాగే కుదిరింది. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాం.

ఆదివారాలు తామ్వే వైపు ఒక గడ్డి మైదానంలో నేర్పేవాడు. మోకాలి దాకా బురద. క్రేన్ల షెడ్డులో ఫిట్టర్లు ఏడుగురు పరుగెత్తేవాళ్లు, మేం నెట్టేవాళ్లం. బంతి ముందుకి విసరకూడదు, వెనక్కే విసరాలి అన్న నియమం మావాళ్లకి ఎంతకీ ఎక్కలేదు. ‘ముందుకెల్లడానికి ఎనక్కిసరడమేటి’ అని బావ ప్రతిసారీ అడిగేవాడు. నేను దొరకి చెబితే దొర తల పట్టుకునేవాడు. నెట్టడం మాత్రం మాకు నేర్పక్కర్లేదు. నేను హైలెస్సా అంటే ఎనిమిది వీపులు ఒక్కసారి కదిలేవి.

ఆట అయ్యాక చెట్టు కింద కూర్చుని దొర తన ఊరి కబుర్లు చెప్పేవాడు. శనివారం మధ్యాహ్నం మిల్లు వదలగానే ముఖాన నూలు దుమ్ముతోనే మైదానానికి పరుగెత్తేవాళ్లట. మైదానం ఒక రైతుది. ఆటకి ముందు ఆవుల్ని తోలి పేడ ఎత్తాలి. సారాకొట్టు వెనకగదిలో బట్టలు మార్చుకుని, ఆట అయ్యాక పదిహేనుమందీ ఒకే తొట్టిలో ఒకే నీళ్లతో స్నానం చేసేవాళ్లట. చివర దిగినవాడు దిగకముందే నయం అనిపించేలా బయటికొచ్చేవాడట. ఇది విని మావాళ్లు తెగ సంబరపడ్డారు. దొరలూ మనలాగే ఒక కాగులో మునుగుతారన్నమాట అని.

ఒకరోజు ఇంకో సంగతి చెప్పాడు. దెబ్బ తగిలి పనికి పోలేకపోతే ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న తగువుతో ఉత్తరాది జట్లు రెండుగా చీలిపోయాయట. ఇవ్వాలన్నవాళ్లు వేరే ఆట పెట్టుకున్నారు. దొర తండ్రి కాసు పుచ్చుకోకుండా ఆడే పాత ఆటలోనే ఉండిపోయాడు. మేనమామ కొత్తదానికి పోయాడు. ఒకే వీధిలో ఉంటూ ఇద్దరూ చచ్చేదాకా మాట్లాడుకోలేదు. మేనమామ పోయినప్పుడు తండ్రి శ్మశానం దాకా వెళ్లి గేటు బయటే నిలబడ్డాడట. లోపలికి వెళ్లకపోయినందుకు తర్వాత చాలా ఏడ్చాడు, అప్పటికి ఎవరికి చెబుతాడు అన్నాడు దొర. తన జట్టు ఫొటో కూడా చూపించాడు. పెద్ద యుద్ధానికి వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదట. ఊళ్లో ఇప్పుడు జట్టు లేదు.

నేను ఇదంతా తెలుగులో చెబుతుంటే బావ గడ్డిపోచ నములుతూ విన్నాడు.

“ఆ ముసిలోడు లోనికెల్లి ఉంటే ఏటయిపోను” అన్నాడు.

దొరకి బావ మీద గురి కుదిరింది. వంగినవాడు వంగినట్టే ఉండేవాడు, ఎవడు ఎంత నెట్టినా పట్టు సడలించేవాడు కాడు. వానలు తగ్గాక షెడ్డులో ఒక ఖాళీ వస్తుందనీ, బావని క్రేను మీదికి తీసుకుంటాననీ దొర చెప్పాడు. ముందు నూనె పెట్టే పని, తర్వాత మీట పట్టుకోవడం. భుజం మీద బరువు ఉండదు, నెత్తి మీద రేకు కప్పు ఉంటుంది, మేస్త్రీ దయ అక్కర్లేదు. రేవు కూలీకి అంతకంటే ఏం కావాలి? అప్ప ఆ మాట విని పొయ్యి ముందు నుంచి లేచొచ్చి, ‘నిజిమే? దొర సెప్పినాడా, నువ్వు కలిపీసినావా?’ అని నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. అప్పటికి అప్పకి అయిదో నెల. నేను నిజమేనని చెప్పాను. నాకు లోపల కొంచెం గుచ్చుకున్నమాటా నిజమే. ఇంగ్లీషు మాట్లాడేది నేను, కబుర్లన్నీ విన్నది నేను, క్రేను మాత్రం బావకా అనిపించింది. ఇది కూడా చెప్పకపోతే ఈ రాత రాయడం దండగ.

ఆ నెలలోనే ఒక సరుకు ఓడ వచ్చింది. దాని మీద నావికులూ, బొగ్గు వేసేవాళ్లూ దొర ఊరికి పక్క ఊళ్లవాళ్లు. ఆ ఊళ్లకీ దొర ఊరికీ ఆటలో తాతలనాటి వైరం. దొరకి పూనకం వచ్చినట్టయింది. ఓడ మీదికి వెళ్లి మ్యాచి ఖాయం చేసుకొచ్చాడు. వాళ్లని ఓడిస్తే ఇంటికి ఉత్తరం రాస్తానన్నాడు. మా ఎనిమిదిమంది పేర్లూ అందులో రాస్తానన్నాడు.

మ్యాచి రోజు పొద్దుటినుంచీ వాన. వాళ్ల కాళ్లకి బూట్లు, మావి వట్టి కాళ్లు. మొదట్లో ఓడవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు. మొదటి కుమ్ములాటలో నేను హైలెస్సా అన్నాను. వాళ్ల ఎనిమిదిమందీ నాలుగు గజాలు వెనక్కి పోయారు. ఆ తర్వాత నవ్వలేదు. పరుగులో వాళ్లదే పైచేయి, నెట్టుడులో మాది. ఆఖరి ఘడియల్లో మేమే ముందున్నాం. దొర గీత పక్కన నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

ఆఖరి కుమ్ములాట మేం కాచుకోవలసిన గీత దగ్గరే పడింది. కాసేపు వాళ్లని ఆపితే మేం గెలిచినట్టే. బావ చేతులు పక్కవాళ్లిద్దరి భుజాల చుట్టూ ఉన్నాయి, తల అవతలివాళ్ల తలల మధ్య ఇరుక్కుని ఉంది. వెనక నుంచి నాకు వీపులే కనిపిస్తున్నాయి. వాళ్లు ఒక పక్క గట్టిగా నెట్టారు. బురదలో మావాళ్ల కాళ్లు జారాయి. పదహారుమంది ముద్ద మొత్తం ఎడమ పక్కకి తిరగడం మొదలుపెట్టింది.

బరువు తిరిగితే ఏ కేక పడాలో నా నోటికి తెలుసు. బుర్ర దాకా వెళ్లలేదు.

“ఒగ్గీ!”

ఆరుగురు వదిలేసి దూరంగా దూకారు. తిరిగి చూడలేదు. అలవాటైన పనిని అలవాటైనట్టే చేశారు. బావ కూడా చేతులు వదిలేశాడు. తల మాత్రం ఎక్కడికి తీసుకుపోతాడు? అవతల ఎనిమిదిమంది నెట్టిన నెట్టుడంతా ఆ ఒక్క మెడ మీదికొచ్చింది. బావ ముందుకి పడ్డాడు, వాళ్లు బావ మీద పడ్డారు. వాళ్లు లేచాక బావ లేవలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి వీపు కింద ఇరుక్కుని ఉంటే కుడిచేత్తో బయటికి లాక్కున్నాడు. దాన్ని వదిలేస్తే మళ్లీ బురదలో పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ప్రాణానికి ఫరవాలేదన్నాడు. నడుస్తాడు, తింటాడు, ఆ చెయ్యి మాత్రం రాదన్నాడు. అప్ప కటకటాల వరండాలో బెంచీ మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. నన్ను చూసి, ‘నువ్వు దగ్గరుండావు కాబట్టి పానం దక్కింది’ అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో రోజు క్రేన్ల దొర నన్ను షెడ్డుకి పిలిచాడు. అతను రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేడు. తప్పంతా తనదేనన్నాడు, ఆ బంతి తేకుండా ఉండాల్సిందన్నాడు. తర్వాత అడిగాడు. తనకి వెనక నుంచి ఏదో కేక వినబడింది, అదేమిటి? ముందు ఎవరు వదిలేశారు?

చెప్పడానికి ఎంతసేపు? నా కేక వల్ల వదిలేశారని నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పేయొచ్చు. నాకు వచ్చినవే ఆ నాలుగు ముక్కలు. కానీ జట్టులో నన్ను ఎవడూ ఏమీ అడగలేదు, కట్టుబాటు ప్రకారం అడగరు కూడా. ఎవడూ అనని తప్పుని నేనే ఎందుకు నెత్తికెత్తుకోవాలి అనిపించింది. భయం వేసింది. ఆ కేక మా బావదే, నొప్పితో అరిచాడు, ముందు వదిలేసింది కూడా అతనే అన్నాను.

దొర మెల్లిగా చెప్పాడు. ఒంటిచేత్తో కూడా మీట లాగొచ్చు, ఏదో ఏర్పాటు చేద్దామనే అనుకున్నాను. కానీ క్రేను గొలుసుకి బరువు వేలాడుతున్నప్పుడు కింద మనుషులుంటారు. నువ్వన్నది నిజమైతే, కష్టం రాగానే వదిలేసే మనిషిని అక్కడ కూర్చోబెట్టలేను.

అనుకున్నదానికంటే ముందే ఖాళీ వచ్చి, వారం తిరక్కుండా ఆ పనికి నన్ను పిలిచాడు. నేను వెళ్లాను. వద్దని ఒక్క మాట అనలేదు. జట్టు వదిలి వెళుతున్నానని మేస్త్రీకి చెబితే, మంచిదే, బాగుపడు అన్నాడు. జట్టులో ఒకడు నా మొహం చూడకుండా, ‘మరింక కేకెవుడిది’ అని అడిగాడు. ఇద్దరు పోయిన జట్టు ఆ పండగల్లోపే చెల్లాచెదరైంది.

రేవు కూలీ కానివాడికి బారకాసులో గది ఉండనివ్వరు, నా పడక కూడా షెడ్డుకి మారింది. కాన్పు అయ్యేదాకా ఆగి, బావా, అప్పా, చంకలో బిడ్డతో పడవెక్కి ట్వంటే పోయారు. అది కుండలు చేసే ఊరు, అక్కడ తెలిసినవాళ్లున్నారు. రేవు మెట్ల దగ్గర బావ కుడిచేత్తో నా భుజం తట్టి, ‘క్రేను మీద జాగర్త’ అన్నాడు. నేను క్రేను మీద జాగ్రత్తగానే ఉన్నాను. రెండేళ్లపాటు ఒక్క బరువు జారనివ్వలేదు. నా పనితనాన్ని అందరూ మెచ్చుకునేవాళ్లు. పైన రేకు కప్పు మీద వాన పడుతుంటే కింద తడిసే జట్లని చూస్తూ కూర్చునేవాణ్ణి. ట్వంటేకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. పడవలో ఒక పూట ప్రయాణం. పని ఉందని కబురు పంపేవాణ్ణి.

రెండేళ్లయ్యాక క్రేన్ల దొర ఇంటికి పోతూ వీడ్కోలు చెప్పడానికి క్రేను దగ్గరికొచ్చాడు. అప్పటికి నా ఇంగ్లీషు బాగుపడింది. ఆ బంతి ఏమైందని అడిగాను. నదిలో పారేశానన్నాడు. తర్వాత, మీ బావ మంచి మనిషి అన్నాడు.

“నువ్వు చెప్పింది నేను నమ్మలేదు” అన్నాడు. “నీతో మాట్లాడినరోజే ఆసుపత్రికి వెళ్లాను. కంపౌండరు మీ భాషవాడు. నువ్వేం చెప్పావో అతని చేత చెప్పించి, నిజమేనా అని మీ బావని అడిగించాను. కప్పుకేసి చూస్తూ, అవును, నేనే ముందు వదిలేశాను అన్నాడు. మా ఊళ్లో అలా ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు.”

నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. నేను క్రేను దిగి, షెడ్డు వెనక్కి వెళ్లి, గోడకి చేతులానించి నిలబడ్డాను.

మర్నాడే ట్వంటే పడవెక్కాను. నన్ను చూసి అప్ప సంబరపడిపోయింది. చెయ్యి కడుక్కోనివ్వకుండానే అన్నం పెట్టింది, బిడ్డని తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టింది. బావ కుండలు కాల్చే ఆవం దగ్గరున్నాడని చెప్పింది. వెళ్లేసరికి కాల్చిన కుండల్ని గడ్డి వేసి బుట్టలో సర్దుతున్నాడు. ఎడమ చేతిని తువ్వాలుతో ఒంటికి కట్టేసుకున్నాడు. కుండలు చేసే బర్మా ముసలాయన, అందరూ ‘ఊలే’ అని పిలిచే పెద్దమనిషి, నాకొక పీట వేసి లోపలికి వెళ్లిపోయాడు. బావ చిక్కిపోయాడు. మెడ ఒక పక్కకి వంగింది. ఇప్పుడు మెడ ఉందని తెలుస్తోంది.

“దొర ఎల్లిపోనాడు బావా” అన్నాను.

“అలగా. మంచోడు.”

“ఆసుపత్రిలో నువ్వేటి సెప్పినావో నాకు సెప్పినాడు.”

బావ కుండ మీద మసి తుడుస్తూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

“కేక నాది బావా. నానే ఏసినాను. నానే అబద్ధం సెప్పినాను” అన్నాను. రెండేళ్లు గొంతులో పెట్టుకున్న మాట నోట్లోంచి వచ్చేసరికి ఏడుపు కూడా వచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

నేను ఊరుకునేదాకా బావ ఆగాడు.

“కేక నీదని నాకు తెల్దేటి” అన్నాడు. “నీ గొంతు ఇనీ గదా సేతులు ఒగ్గీసినాను. ఆ కంపౌండరు నువ్విలగ సెప్పినావని సెప్పినాడు. నాను కాదంటే ఏటవుద్ది? కేకేసినోడు అబద్ధాలకోరని పదిమందికీ తెలిసిపోద్ది. రేపు నువ్వు కేకేస్తే ఆ ఆరుగురూ ఇంటారా? ఒకుడు ఆలోసిస్తాడు. ఆడు సస్తాడు. నా సెయ్యి ఎలాగూ పోయింది. జట్టయినా ఉంటాదని ఊరుకున్నాను.”

కుండ బుట్టలో పెట్టాడు. ఇంకో కుండ తీసుకున్నాడు.

“నువ్వు జట్టులో ఉండవని నాకేటి తెలుసు” అన్నాడు.

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది, కొట్టినా బాగుండేది. నేను క్రేను ఎక్కిన రోజున అతను ఆసుపత్రి మంచం మీద ఆ కబురు ఎలా విన్నాడో, ఎవరు చెప్పారో, విని ఏమనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ముఖం లేదు. క్రేను పని మానేసి వచ్చేస్తానన్నాను. ‘వొచ్చి ఏటి సేస్తావు, కుండలు సేస్తావా’ అని కొంచెం నవ్వాడు. నిజమే, ఏం చేస్తాను. ఆరుగురూ ఆరు చోట్లకి పోయారు. చెయ్యి తిరిగి రాదు. నేను రంగం వెళ్లి మళ్లీ ఆ రేకు కప్పు కిందే కూర్చున్నాను, ఇంకా చాలా ఏళ్లు.

కానీ ఆ రోజు ఇంకొకటి జరిగింది. బుట్ట నిండింది. ఊలే కొడుకు పడవని ఆపడానికి ముందే పోయాడు, రెండోవైపు పట్టేవాడు లేడు.

“లెగు” అన్నాడు బావ. “పడవ ఎల్లిపోద్ది.”

బుట్ట తాడులోంచి వాసం దూర్చి, ముందు కొస కింద వంగి కుడి భుజం పెట్టాడు. వెనక కొస నా భుజం మీదికొచ్చింది. ఎన్నో వేలసార్లు నిలబడినట్టే నిలబడ్డాం, ముందు అతను, వెనక నేను. అతను వెనక్కి చూడలేదు. మోకాళ్లు కొంచెం వంచి, వంకర మెడతో కాలవ వైపు చూస్తూ ఆగాడు. దేనికోసం ఆగాడో నాకు ఒక క్షణం తర్వాత తెలిసింది.

నోరు తెరిచాను. కేక రాలేదు.

బావ ఇంకాసేపు ఎదురుచూశాడు. తర్వాత, తన బతుకులో ఎప్పుడూ కేక వెయ్యనివాడు, దగ్గినట్టు చిన్నగా హైలెస్సా అన్నాడు. వాసం లేచింది. నేను అతని అడుగుల్లో అడుగు వేస్తూ రేవు దాకా నడిచాను.